తొందరకు వడ్డీ ఎవరు కట్టాలి?

“డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, కాలం పోతే తిరిగి రాదు. ఫీజు ఎక్కువైనా, అప్పు చేసైనా డిగ్రీ తొందరగా ముగించాలి.” ఆన్‌లైన్ డిగ్రీ మాట ఎక్కడ వచ్చినా ఇప్పుడు వినిపించే తీర్పు ఇది. అడ్మిషన్ల కోసం పదే పదే ఫోన్ చేసే ఏజెంటు ఇదే చెప్తాడు. బెంగళూరులో పనిచేసే మేనమామ ఇదే చెప్తాడు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో మాట్లాడే చిన్నాయన కొడుకూ ఇదే చెప్తాడు. “ఇంకా ఎన్నేండ్లు చదువుతావప్పా?” అని రచ్చకట్ట మీద అడిగే పెద్దమనిషి మనసులోనూ ఈ నమ్మకమే ఉంది. అనంతపురం జిల్లా విడపనకల్లు లాంటి చోట ఈ నమ్మకం తప్పు. వానను, కాలువను, మార్కెట్టును నమ్ముకున్న ఇళ్ళను ఇది అప్పుల్లోకి దింపుతుంది. చివరకు చదువునే మధ్యలో ఆపిస్తుంది.

ముందు ఎదుటివారి లెక్కను ఉన్నదున్నట్టు చూద్దాం. డిగ్రీ చేతికొస్తే నెలకు 20,000 రూపాయల ఉద్యోగం దొరుకుతుందట. అంటే ఒక్క ఏడాది ఆలస్యానికి 2,40,000 రూపాయలు పోయినట్టే. దాని ముందు లక్ష రూపాయల ఫీజు ఎంత? తక్కువ ఫీజు చదువులో చేరి ఏళ్ళ తరబడి సాగదీసేవాడు రూపాయి మిగుల్చుకుని రెండు పోగొట్టుకుంటున్నాడు. ఇదీ వాదన. వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఇది మూడు ఊహల మీద నిలబడి ఉంది. ఎక్కువ డబ్బు కడితే డిగ్రీ ముందుగా వస్తుందన్నది మొదటిది. డిగ్రీ రాగానే జీతం మొదలవుతుందన్నది రెండోది. చేతిలో ఉన్న రూపాయీ అప్పు తెచ్చిన రూపాయీ ఒకటేనన్నది మూడోది. మూడింటిలో ఒక్కటీ ఇక్కడ నిలవదు.

మొదటి ఊహ చట్టం దగ్గరే ఆగిపోతుంది. మన దేశంలో బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ.లకు కనీసం మూడేళ్ళు పడుతుంది. ఏడాదికి కొన్ని వేలు కట్టించుకునే ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అయినా అంతే, మొత్తం మీద లక్షకు పైగా వసూలు చేసే ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఆన్‌లైన్ కోర్సులో అయినా అంతే. డబ్బు పెరిగిన కొద్దీ తరగతి వీడియో మెరుగుపడవచ్చు, ఫోన్ చేసి గుర్తుచేసే మనిషి దొరకవచ్చు. క్యాలెండరు మాత్రం జరగదు. 2024 నవంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఒక వేగవంతపు డిగ్రీ పథకాన్ని ప్రకటించింది. అందులోనూ మూడేళ్ళ డిగ్రీకి తగ్గేది ఒక్క సెమిస్టరే. అది కూడా ఎక్కువ ఫీజు కట్టినందుకు కాదు, ఎక్కువ క్రెడిట్లు చదివి నెగ్గినందుకు. సీట్లలో పదో వంతుకు మించి ఆ అవకాశం ఇవ్వకూడదని పరిమితి కూడా పెట్టారు. అదే ప్రకటనలో, కావలసినవారు డిగ్రీని మరో రెండు సెమిస్టర్ల దాకా పొడిగించుకోవచ్చనీ ఉంది. తొందర అమ్మేవాళ్ళు ఈ రెండో సంగతి ఎత్తరు.

అమెరికా బంధువుల సలహా వాళ్ళ అనుభవంలో నిజమే కావచ్చు. అక్కడి పశ్చిమ రాష్ట్రాల గవర్నర్లు కలిసి 1997లో వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీని పెట్టారు. అందులో ఆరు నెలలకు ఒకే ఫీజు. ఆ ఆరు నెలల్లో నాలుగు సబ్జెక్టులు ముగించినా, పది ముగించినా కట్టేది అంతే. వచ్చిన విషయాన్ని పరీక్షలో చూపించి ముందుకు పోవచ్చు. అలాంటి చోట వేగంగా చదివినవాడికి ఒక టర్మ్ ఫీజు నిజంగా మిగులుతుంది. ఆ ఏర్పాటు ఇక్కడ లేదు. అది లేని చోటికి దాని లెక్క మాత్రం తెచ్చి, విడపనకల్లు పిల్లాడి మీద రుద్దడం న్యాయం కాదు.

చట్టం ఇవ్వని వేగాన్ని అమ్మేవాళ్ళు మరికొందరున్నారు. “వన్ సిట్టింగ్ డిగ్రీ” అనే ప్రకటన తెలుగు పట్టణాల్లో కొత్తది కాదు. మూడేళ్ళ పరీక్షలు ఒక్కసారే రాయిస్తామని, పాత తేదీలతో పట్టా ఇప్పిస్తామని చెప్పి వేలూ లక్షలూ గుంజుతారు. 2022లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకున్నారు. దాని దారాలు భోపాల్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం దాకా పోయాయి. ఏజెంట్లతో పాటు ఆ పట్టాలు కొన్న విద్యార్థులు కూడా కేసుల్లో చిక్కుకున్నారు. మోసం లేకపోయినా అనుమతి లేకపోతే గతి ఏమిటో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలిచ్చాయి. 2005 తర్వాత చేరినవారి డిగ్రీలను కోర్టు రద్దు చేసింది. అంతకు ముందు 2001–05 మధ్య చేరినవారిని మళ్ళీ పరీక్ష రాయమంది. ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు పదేళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టాల్సి వచ్చింది. చేరేముందు అనుమతి చూసుకోవడానికి పట్టే ఒక్క పూటను దాటేసినందుకు కట్టిన మూల్యం అది.

రెండో ఊహ జీతం గురించి. ఆన్‌లైన్‌లో చదివేవాడు ఖాళీగా కూర్చుని చదవడం లేదు. బళ్ళారిలో బట్టల కొట్లో నెలకు 12,000కి పనిచేస్తూ రాత్రిపూట చదువుతున్నాడనుకుందాం. రేపు 20,000 ఉద్యోగం వస్తే అతనికి పెరిగేది 8,000. ఏడాదికి 96,000. డిగ్రీ రాగానే ఆ ఉద్యోగం వచ్చే అవకాశం సగమే అనుకుంటే, ఏడాది ఆలస్యం ఖరీదు 48,000. ఎదుటివారు చెప్పిన 2,40,000లో ఇది ఐదో వంతు. పైగా లక్ష కట్టినా ఆ ఏడాది ముందుకు రాదని ఇంతకు ముందే చూశాం. ఉన్న పనిని, ఆ పని ఇచ్చే కూలిని సున్నాగా చూస్తే తప్ప వాళ్ళ లెక్క కుదరదు. మిరప కోతకు పోయే ఆడపిల్ల కూలి డబ్బుతోనే ఇంట్లో బియ్యం వస్తున్నప్పుడు దాన్ని సున్నా అనడం చదువుకున్నవాళ్ళ అహంకారం.

అసలు ఈ పల్లెల్లో చాలామందికి డిగ్రీ ఇచ్చేది నెలజీతం కన్నా ముందు అర్హత. పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకునే హక్కు. ఆ పరీక్షలు మన తొందరను బట్టి రావు. 2019 జూలైలో గ్రామ, వార్డు సచివాలయాలకు 1,26,728 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. రాష్ట్రంలో అంత పెద్ద నియామకం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు. “చూశారా, అప్పటికి డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళే బాగుపడ్డారు, ఏడాది ఆలస్యమైనవాళ్ళు పోగొట్టుకున్నారు” అని నన్ను అడగవచ్చు. నిజమే, ఈ అభ్యంతరం గట్టిది. దీన్ని దాటవేయను. కానీ ఆ రోజు డిగ్రీ లేక బయట నిలబడినవాళ్ళలో మెల్లగా చదివినవాళ్ళు ఎందరు, మధ్యలో మానేసినవాళ్ళు ఎందరు? 2013లో చేరి, ఏటా రెండు మూడు పేపర్లు రాసుకుంటూ పోయినవాడికి 2019 నాటికి డిగ్రీ వచ్చి ఉంటుంది. మొదటి ఏడాది ఫీజు కట్టి, రెండో ఏడాది కట్టలేక ఆపేసినవాడికి ఎప్పటికీ రాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు కాపాడేది వేగం కాదు, ఆగకపోవడం. ఆగకుండా ఉండాలంటే ఫీజు మన శక్తికి లోబడి ఉండాలి.

మూడో ఊహ అన్నిటికన్నా ప్రమాదకరం. విడపనకల్లులో రూపాయికి రుతువులున్నాయి. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఈ మండలంలో నల్లరేగడి ఉంది. మిరప, పత్తి, పప్పుశనగ ఇక్కడి పంటలు. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ నమ్మకంగా రాదు. హెచ్చెల్సీ కాలువ కింద ఉన్నవాళ్ళకు తుంగభద్ర డ్యామే వాన. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారంలో తాత్కాలిక గేటు దించారు, తర్వాత డ్యామ్ మళ్ళీ నిండింది. కానీ జూన్‌లో ఏదో కోర్సుకు నెలవాయిదాల కాగితం మీద సంతకం పెట్టిన ఆయకట్టు ఇంటికి ఆ వారం ఎలా గడిచి ఉంటుంది? నీళ్ళు దక్కినా ధర దక్కుతుందన్న నమ్మకం లేదు. ఈ ప్రాంతపు మిరప పోయే బ్యాడగి మార్కెట్టులో 2024 మార్చి 11న ధర పడిపోయి రైతులు వాహనాలు తగలబెట్టారు. వాళ్ళలో ఆంధ్ర రైతులూ ఉన్నారు. ఏడాది తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో, మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున కేంద్రం మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి ఆదాయం మీద బతికే ఇంటికి, ప్రతి నెలా ఐదో తేదీన ఖాతాలోంచి వాయిదా పోయే చదువును అంటగట్టడం ఏ తెలివి?

వడ్డీ లెక్క ఒకసారి రాసుకోండి. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000. అసలు కదపకుండా మూడేళ్ళు ఉంచితే వడ్డీయే 72,000. లక్ష రూపాయల డిగ్రీ లక్షా డెబ్బై రెండు వేలు అవుతుంది. ఆ వడ్డీ కట్టేది చదివే కొడుకో కూతురో కాదు, చేనులో ఉన్న తండ్రి, కూలికి పోయే తల్లి. కాలం విలువ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఆ తల్లి ఎన్ని రోజులు అదనంగా కోతకు పోవాలో కూడా లెక్క కట్టాలి. రోజుకూలి 400 అనుకుంటే ఆ 72,000కి 180 రోజులు. బిడ్డకు మిగల్చని కాలాన్ని తల్లి దగ్గర నుంచి తీసుకోవడం ఇది. “సమయాన్ని ఆదా చేశాం” అని ఎవరైనా అంటే, ఎవరి సమయాన్ని అని అడగాలి.

“వడ్డీ లేని ఈఎంఐ” అని చెప్పే చదువుల వ్యాపారం సంగతి కూడా తెలుసుకోవాలి. వాయిదా ఒప్పందం చాలాసార్లు విద్యార్థికీ ఒక ఫైనాన్స్ కంపెనీకీ మధ్య జరుగుతుంది. చదువు నచ్చక మానేసినా అప్పు మానదు. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ ఎడ్‌టెక్ కంపెనీల గురించి తల్లిదండ్రులను, విద్యార్థులను హెచ్చరించింది. ఖాతా నుంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాట్లను, తెలియకుండా అంటగట్టే రుణాలను గమనించమంది. మరుసటి నెలలోనే యూజీసీ, విశ్వవిద్యాలయాలు తమ డిగ్రీలను ఇలాంటి కంపెనీలకు ఫ్రాంచైజీగా ఇవ్వడం చెల్లదని చెప్పింది. తొందరగా సంతకం పెట్టించడమే వాళ్ళ పద్ధతి. “ఈ రాత్రితో డిస్కౌంట్ అయిపోతుంది” అన్న మాట వినగానే ఆ పని వాయిదా వెయ్యండి.

కాలానికి విలువ లేదని నేను అనడం లేదు. ఏళ్ళను లెక్కపెడుతూ గంటలను మరిచిపోయారన్నదే నా ఫిర్యాదు. పొద్దున ఏడుకు కోతకు పోయి, సాయంత్రం ఇల్లు చేరి, వంట ముగించి, తొమ్మిదిన్నరకు ఫోన్ పట్టుకునే అమ్మాయికి రోజులో చదవడానికి దొరికేది గంట, గంటన్నర. అరుదైనది ఆ గంట. ఇంగ్లీషులో గబగబా సాగే పాఠం అర్థంకాక దాన్నే నాలుగుసార్లు వినాల్సి వస్తే ఆ వారం పోయినట్టే. రాష్ట్రంలో 2021–22 నుంచి డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మాధ్యమాన్నే పెట్టారు కాబట్టి తెలుగులో ఇంటర్ చదివినవాళ్ళకు ఈ భారం ఇంకా పెరిగింది. పరీక్షా కేంద్రం దూరమైతే రెండు రోజుల కూలి, బస్సు ఖర్చు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. పెద్ద పేరున్న ఖరీదైన డిగ్రీకి పోసే లక్షలో పదో వంతు మంచి రీఛార్జికి, తెలుగు పుస్తకాలకు, పరీక్షల ముందు పది రోజులు కూలికి పోకుండా ఉండటానికి ఖర్చు పెడితే అది నిజంగా కాలాన్ని కొన్నట్టు.

ఆడపిల్లల పెళ్ళి గురించిన అభ్యంతరం మిగిలింది. “సంబంధం కుదిరేలోగా ముగించాలి, లేకపోతే చదువు అంతే” అంటారు. ఈ భయానికి కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ అప్పు మీద నడిచే డిగ్రీయే పెళ్ళితో ముందుగా ఆగేది. అత్తగారింటివాళ్ళు కోడలి వాయిదాలు కడతారని ఎవరు చెప్పగలరు? ఏడాదికి కొన్ని వేల ఫీజుతో, ఊరు మారినా కేంద్రం మార్చుకునే వీలుతో, కాన్పుకు ఏడాది ఆగినా మళ్ళీ అందుకునే వీలుతో ఉన్న చదువు పెళ్ళి తర్వాత కూడా బతుకుతుంది. ఇగ్నో బి.ఏ.కు కనీస గడువు మూడేళ్ళు, గరిష్ఠ గడువు ఆరేళ్ళు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచుకున్న క్రెడిట్లు ఏడేళ్ళ దాకా చెల్లుతాయి. ఆ పిల్లకు కావలసిన భద్రత ఇది.

మెల్లగా చదవడం వెనుకబాటుకు గుర్తు అన్న మాటను తెలుగువాళ్ళం అసలు ఒప్పుకోకూడదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి ఆ తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నోకు కూడా తొలి సారథి అయ్యారు. ఇంటర్ లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేలా ఆ రోజుల్లో తలుపు తెరిచారు. పని చేసుకుంటూ, తెలుగులో, మన వీలును బట్టి చదువుకోవచ్చన్నది ఆ సంస్థ పునాది. ఎందరో అటెండర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కండక్టర్లు ఆ దారిలోనే పట్టభద్రులయ్యారు. వాళ్ళెవరూ కాలాన్ని వృథా చేసినవాళ్ళు కారు.

అంత మెల్లని దారి నేటి సాంకేతిక చదువులకు పనికిరాదనేవాళ్ళు ఐఐటీ మద్రాసును చూడాలి. 2020 జూన్‌లో అది మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలో ఒక్కో టర్మ్‌కు ఎన్ని సబ్జెక్టులు తీసుకుంటే అన్నింటికే ఫీజు. ఎనిమిదేళ్ళ దాకా గడువు. పేద విద్యార్థులకు 75 శాతం వరకు ఫీజు మినహాయింపు. పంట బాగున్నప్పుడు రెండు మూడు సబ్జెక్టులు, బాగాలేనప్పుడు ఒక్కటి. దేశంలో పేరున్న సంస్థే ఆలస్యానికి జరిమానా వేయకుండా చదువు నడపగలిగితే, మిగతావి ఎందుకు నడపలేవు?

కాబట్టి చేరబోయే పిల్లలకు నా మాట సూటిగా చెప్తాను. యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) జాబితాలో ఆ సంస్థ, ఆ కోర్సు ఆ ఏడాదికి ఉన్నాయో లేదో ముందు చూడండి. 2024 నుంచి డీఈబీ ఐడీ లేకుండా దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ డిగ్రీలో గానీ చేరడం కుదరదు, అది మీకు రక్షణే. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు కాలేజీ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కనుక ఖరీదైనదే గొప్పదన్న మాట నమ్మకండి. విత్తనానికి, ఎరువుకు డబ్బు పోయే జూలైలో కన్నా, పత్తి డబ్బు చేతికి వచ్చే జనవరి సెషన్‌లో చేరడం మేలు. ఒక ఏడాది పంట పోతే సబ్జెక్టులు తగ్గించుకోండి, పేరు మాత్రం కొట్టేయించుకోకండి. అప్పు లేకుండా ఐదేళ్ళలో ముగిసిన డిగ్రీ, అప్పుతో రెండేళ్ళకే ఆగిపోయిన డిగ్రీ కన్నా ఎన్నో రెట్లు నయం.

పిల్లలకు ఇంత చెప్పాక ప్రభుత్వాన్ని అడగకుండా ఉండలేం. కాలేజీకి పోయే విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తూ, కూలికి పోతూ దూరవిద్యలో చదివే విద్యార్థికి ఇవ్వకపోవడం అన్యాయం. ఇద్దరిలో ఎక్కువ అవసరం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం తెలంగాణలో ఉండిపోగా, విభజన జరిగి పదేళ్ళు గడిచినా ఆంధ్రప్రదేశ్‌కు తనదైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడలేదు. దేశానికి ఈ దారి చూపిన రాష్ట్రపు పేరు మోస్తున్న చోట ఈ లోటు సిగ్గుపడాల్సింది. ఫీజు సబ్జెక్టు చొప్పున కట్టించుకోండి. గడువులను పంట చేతికొచ్చే నెలలకు జరపండి. మిరప కోతల నెలల్లో పరీక్షలు పెట్టకండి. ఉరవకొండలో, గుంతకల్లులో పరీక్షా కేంద్రాలు ఉంచండి. పాఠాలు తెలుగులో ఇవ్వండి. వీటిలో అసాధ్యమైనది ఒక్కటీ లేదు.

“ఇంకా ఎన్నేండ్లు?” అని అడిగే పెద్దలు ఇకనుంచి “ఈ ఏడాది ఫీజు కట్టగలిగినావా, పరీక్ష రాయగలిగినావా?” అని అడగాలి. పోటీ పరీక్ష దరఖాస్తులో డిగ్రీ ఉందా లేదా అని అడుగుతారు గానీ, ఎన్నేళ్ళలో ముగించావని కాదు. తొందరపెట్టినవాడు ఆ వడ్డీలో ఒక్క రూపాయీ కట్టడు. అందుకే ఎంత వేగంగా నడవాలో నిర్ణయించే హక్కు, ఆ చదువు ఖర్చు మోసే ఇంటిదే.